పడ్డదా, నిండిందా?

మా మేడమ్ పోయారు. శాలిబండలో నా క్లినిక్ తాళం తీస్తుండగా ఫోన్ వచ్చింది. ఆమె చెల్లెలి కూతురు. "డాక్టరక్కా, పెద్దమ్మ నిద్రలనే పోయింది. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అంది. అప్పటికే బెంచీల మీద తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచక ఒక పిల్లను చూశాను, ఆ తర్వాత ఇంకో పిల్లను చూశాను. మూడో పిల్లను తెచ్చిన తల్లి "ఏమైంది మేడమ్, ఏడుస్తున్రు?" అని అడిగాక గానీ నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు. మిగిలినవాళ్లను సాయంత్రం రమ్మని చెప్పి ఆటో ఎక్కాను.

మీరు పాతబస్తీలో పుట్టినవాళ్లయితే మీ అరికాలు ఆమె చూసే ఉంటారు. మీకు గుర్తుండదు, అంతే. అక్కడి ఒక సర్కారు కాన్పుల దవాఖానలో ఆమె పిల్లల డాక్టరు, మాకు ప్రొఫెసరు. బిడ్డ పుట్టగానే ఆడా మగా అని చూసేవాళ్లు ఉంటారు, ఎవరి పోలికో చూసేవాళ్లు ఉంటారు. మా మేడమ్ పాదం తిప్పి చూసేవారు. అందుకే తల్లులకు ఆమె 'పాదాలు చూసే డాక్టరమ్మ'. ఉర్దూ మాట్లాడేవాళ్లకు 'పావ్ దేఖ్నేవాలీ డాక్టర్నీ'. ఆ పేరు విని, జాతకం చెప్పమని పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆమె చూసేది జాతకం కాదు, నెలలు. బిడ్డ కడుపులో ఎంతకాలం ఉండి వచ్చిందో బిడ్డ ఒంటి మీదే తెలుస్తుంది. నెలలు బాగా తక్కువైన బిడ్డ అరికాలు నున్నగా ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ గీతలు వేళ్ల దగ్గర మొదలై మడమ దాకా వస్తాయి. చెవిని మెల్లగా మడిచి వదిలితే, నిండు నెలల చెవి టక్కున లేచి నిలబడుతుంది, నిండని చెవి మడతలోనే ఉండిపోతుంది. వీపు మీద నూగు ఎంత ఉంది, చర్మం కింద నరాలు కనపడుతున్నాయా, కాళ్లూ చేతులూ ముడుచుకుని పడుకుందా లేక వాల్చేసిందా, చేతిని మెడ చుట్టూ అవతలి భుజం వైపు తీసుకెళ్తే మోచెయ్యి ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ చూసి దేనికి దానికి మార్కులు వేసి కూడితే వారాలు తేలతాయి. మెడ చుట్టూ చెయ్యి తిప్పే పరీక్షను మేడమ్ 'చున్నీ వేసుడు' అనేవారు. పుస్తకంలో దానికి వేరే పేరుంది. పరీక్షలో ఆ పేరు గుర్తురాక నేను చున్నీ అనే రాయబోయాను.

పాదం మాత్రం తొందరగా చూడాలి. పుట్టిన పూట దాటితే చర్మం ఆరిపోయి అన్నీ గీతలే కనపడతాయి. "ఎండిన పాదం లెక్కకు రాదు" అనేవారు మేడమ్. ఆ మాట అని, లిఫ్టు కోసం చూడకుండా మెట్లెక్కి పైకి వచ్చేసేవారు. వెనక మేము రొప్పుతూ వచ్చేవాళ్లం.

మా నాయనది ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం. చిన్నప్పటి నుంచి కాంటా ముల్లు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, నాకు పిల్ల అంటే ముందు బరువే కనపడేది. మేడమ్ ఆ సంగతి పట్టేశారు. "ఉస్మాన్‌గంజ్ పిల్లవు గదా, అన్నీ తూకంలనే చూస్తవు. తూకం వేరే, నెలలు వేరే" అని అందరి ముందూ ఆటపట్టించేవారు. ఆ తర్వాత రెండు ఉయ్యాలల ముందు నిలబెట్టి చూపించారు. ఇద్దరు పిల్లలదీ ఒకటే బరువు. ఒకరు నెలలు నిండకముందే వచ్చారు, పాలు చప్పరించి మింగడం ఇంకా రాదు. ఇంకొకరు నెలలన్నీ నిండి, లోపల తిండి చాలక అంతే ఉన్నారు. రెండోవాళ్లకు వెంటనే పాలు పట్టకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నాకు అప్పటి దాకా వాళ్లిద్దరూ ఒకేలా కనిపించారు.

తల్లుల్ని ఆమె అడిగే ప్రశ్న ఒకటుండేది. మన దగ్గర "తొమ్మిదో నెల" అంటే రెండు అర్థాలు. తొమ్మిదో నెల పడ్డా తొమ్మిదో నెలే, నిండినా తొమ్మిదో నెలే. మధ్యలో నెల తేడా. ఆ నెల కోసం మేడమ్ వదలకుండా అడిగేవారు. "పడ్డదా, నిండిందా?" పక్క మంచం మీద ఉర్దూ తల్లి ఉంటే, "మహీనా లగా, యా పూరా హువా?" తారీఖులు ఎవరికీ గుర్తుండవు. రంజాన్ చాంద్ కనపడ్డాక అని ఒకరు, బోనాల ముందర అని ఒకరు చెప్పేవారు. మేడమ్ ఓపిగ్గా ఆ పండుగల మధ్య నడిచి వెళ్లి తారీఖు పట్టుకొచ్చేవారు. మాకు చెప్పేవారు కదా, "తల్లి చెప్పింది వినున్రి. పిల్ల చెప్పింది చూడున్రి. రెండూ కలవకపోతే స్టూలు ఏస్కొని కూసోన్రి."

ఆమె అలవాటు ఇంకొకటి చెప్పాలి. రౌండ్లకు ముందు చాయ్ తెప్పించుకునేవారు. తాగడానికి కాదు. రెండు అరచేతులతో గ్లాసు పట్టుకుని, చేతులు వెచ్చబడ్డాక గ్లాసు పక్కన పెట్టి, పిల్లను ముట్టుకునేవారు. చల్లటి చెయ్యి తగిలితే పిల్ల ఉలిక్కిపడి బిగుసుకుంటుంది, అప్పుడు చూసిందేదీ నిజం కాదు. చాయ్ చల్లారిపోయేది. నేను ఆమె దగ్గర ఉన్నన్నాళ్లూ ఆమె ఒక్క గ్లాసు పూర్తిగా తాగడం చూడలేదు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి చెప్తాను. ఉగాది వెళ్లిన వారం. గౌలిపురలో పాలవాళ్ల ఇంటి కోడలు కాన్పుకు వచ్చింది. పుట్టిల్లు శాలిబండ, నడిచిపోయే దూరం. మొదటి కాన్పు, ఆడపిల్ల, బరువు తక్కువ. తల్లి చెప్పిన లెక్కకు ఎనిమిది నెలలు. ఆమె చేయించుకున్న ఒకే ఒక స్కానింగు ఆఖరి నెలల్లోది, అదీ ఆ లెక్కకే వచ్చింది. అంత ఆలస్యంగా తీసిన స్కానింగు సైజును బట్టి నెలలు చెప్తుంది, సన్నగా ఉన్న పిల్లకు నెలలు తక్కువ చూపిస్తుంది. నేను ఎనిమిది నెలల పిల్ల అనే రాసుకుని, గొట్టంతో పాలు పోయడానికి అంతా సిద్ధం చేశాను.

ఆ పిల్ల నాయనమ్మ వార్డు బయట గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడో నెల పిల్లలు దక్కుతారు గానీ ఎనిమిదో నెల పిల్లలు దక్కరని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. మనవరాలిని చూడమంటే రానంది. "మొఖం చూస్తే పాణం గుంజుతది బిడ్డా. నా మొదటి పిలగాడు గూడ గిట్లనే ఎండకాలంల పుట్టి, చేతులకొచ్చినట్టే వచ్చి పోయిండు. ఇంకోసారి నాతోని గాదు" అంది. ఆమె మనిషి గట్టిది. గేదెల్ని అదిలించే గొంతు. ఆ గొంతు అంత సన్నగా పలకడం నాకు బాధనిపించింది.

మేడమ్ వచ్చారు. చేతులు వెచ్చ చేసుకున్నారు. దుప్పటి తీసి పాదం తిప్పారు. చెవి మడిచి వదిలారు. చున్నీ వేశారు, మోచెయ్యి ఛాతీ మధ్య దాకా కూడా రాలేదు.

"ఎన్ని నెలలని రాసినవ్?"

"ఎనిమిది మేడమ్. తల్లి చెప్పింది. స్కానింగు గూడ అదే అంటున్నది."

"పిల్లను అడిగినవా?"

"పిల్ల రొమ్ము కింద గడ్డ చిన్నగ ఉన్నది కదా మేడమ్, నిండితే పెద్దగుండాలె గదా" అన్నాను.

"తిండి చాలని పిల్లకు అది చిన్నగనే ఉంటది. దాన్ని నమ్మకు. చెయ్యి ఎంత బిగువుగ ఉన్నదో చూడు, పాదం చూడు. మడమ దాకా ఉన్నయ్ గీతలు." చిటికెన వేలు పిల్ల నోటికి అందించారు. "చూడు, వేలు ఊడబీకుతున్నది. గొట్టం తీసెయ్ అమ్మాయ్. ఇది నిండు నెలల పిల్ల, ఆకలి మీద ఉన్నది."

ఆ మాట నాయనమ్మ చెవిన పడింది. ఒక్క ఉదుటున లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. "నిండినయా మేడమ్? నిండు నెలల పిల్లనా?" ఆమె మొహం వెలిగిపోయింది. వెంటనే వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. ఫాల్గుణం, మాఘం, పుష్యం, అలా వెనక్కి పోయి ఒక వేలి మీద ఆగిపోయింది. "గట్లయితే ఆషాఢం అయితది గదా" అంది.

పెళ్లైన కొత్త కోడలు ఆషాఢంలో అత్తింట్లో ఉండదు. ఈ కోడలు కూడా ఆషాఢం మొదలయ్యేముందు, బయట చేరి తలస్నానం చేసి మరీ పుట్టింటికి వెళ్లింది. అది అత్తకు తెలుసు. శ్రావణంలో తిరిగి వచ్చింది. ఎనిమిది నెలల పిల్ల అయితే శ్రావణం లెక్క సరిపోతుంది. తొమ్మిది నిండితే, మొగుడు గౌలిపురలోనూ పెళ్లాం శాలిబండలోనూ ఉన్న నెల అది. మంచం మీద ఆ పిల్ల తల్లి దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. ఎనిమిది అంటే పిల్ల బతకదని ఒకరి భయం, తొమ్మిది అంటే తన బతుకు ఏమవుతుందోనని ఇంకొకరి భయం. ఇద్దరూ మేడమ్ నోటి వైపే చూస్తున్నారు.

మేడమ్ గొంతు పెంచలేదు. "జర ఆగమ్మా. ముందు పిల్ల పాలు తాగనియ్. మాట్లాడుదాం" అని నాయనమ్మను బయట కూర్చోబెట్టి, తెర లాగి, స్టూలు వేసుకున్నారు. పిల్లను రొమ్ముకు పట్టించే పని నాది కాబట్టి నన్ను ఉండనిచ్చారు. పిల్ల కాసేపు వెతుక్కుని పట్టుకుంది. తల్లి ఉలిక్కిపడింది, ఏడుపు అప్పుడు వచ్చింది.

"నేను తప్పు చెయ్యలే మేడమ్."

"చేసినవని ఎవరన్నరే?"

"ఆయనే వచ్చిండు. మా గల్లీల పాలు ఆయనే పోస్తడు. గిన్నె పట్టుకొని నేనే పోయేది. పాలు పోసి పోవాలె గదా మేడమ్. పోలే."

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి పిల్ల టోపీ సర్దారు. "నీ మొగుడే గదా?"

"ఔ మేడమ్."

"మరి శ్రావణం అని ఎందుకు చెప్పినవ్?"

"అత్తమ్మకు ఆషాఢం పట్టింపు మస్తు. ఎండలల్ల పుట్టిన పిలగాడు పోయిండని ఆమెకు భయం. ఒట్టేయించుకున్నది ఆయనతోని. తెల్వనియ్యొద్దన్నడు. నేను ఒక నెల తక్కువ చేసి చెప్పిన."

మేడమ్ ఆమె తల నిమిరారు. "పిల్ల నెలలు నేను తక్కువ చేసి చెప్పను బిడ్డా. రేపు ఇంకో డాక్టరు ఆ లెక్కను పట్టుకొనే మందు రాస్తడు. నెలలు నేను చెప్త. మిగతాది నీ మొగుడు చెప్తడు. నువ్వు పాలియ్యి. ఫికర్ చెయ్యకు."

కబురు పెడితే, పాల క్యాన్లు దవాఖాన గేటు దగ్గరే పెట్టి ఆమె మొగుడు వచ్చాడు. ఆరడుగుల మనిషి, మేడమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె అడిగింది ఒక్కటే. "మీ అమ్మ బయట కూసొని లెక్క పెడుతున్నది. ఆమె లెక్క తప్పు దారి పట్టకముందే పోయి చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

అతను వెళ్లాడు. మేము గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"అమ్మా, నేనే పోయిన" అన్నాడు నేల చూస్తూ.

"యాడికి?"

"శాలిబండకు. ఆషాఢంల."

"అత్తగారి గడప తొక్కనని ఒట్టేస్తివి కదరా!"

"గడప తొక్కలే అమ్మా. ఆళ్లింటికి మిద్దె మీదికి మెట్లు బయటకెల్లే ఉన్నయ్. మెట్లకు గడప ఉండది గదా."

"అందుకేనా" అంది తల్లి, "గా నెలంత శాలిబండ పాలు పోసొస్తానికి పొద్దెక్కింది? బర్రె తన్నిందంటివి, సైకిలు పంచరన్నవు!" అంటూ కొడుకు భుజం మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకు లేపిన చెయ్యి అక్కడే ఆపి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతసేపూ ఏ అనుమానం మోసిందో అప్పుడు తెలిసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగి, "పిల్ల బతుకుతదా?" అని అడిగింది. ఆషాఢం మాట మళ్లీ ఎత్తలేదు.

"నిండు నెలల పిల్లమ్మా. బరువు తక్కువ, ఆకలి ఎక్కువ. పాలు దగ్గరుండి పట్టించాలె, ఎండకు చల్లగ చూస్కోవాలె. నీ ఇంట్ల పాలకేం కరువు, కోడలికి తాపు."

"మొఖం చూస్త మేడమ్" అంది ఆమె.

మేడమ్ ఆమెను అలా చూడనివ్వలేదు. తన చాయ్ గ్లాసు ఆమె చేతుల్లో పెట్టారు. "చల్లటి చేతులతోని ముట్టొద్దు. ముందు ఇది పట్టుకో." ఆమె తాగడానికేమో అనుకుని ఎత్తబోయింది. మేడమ్ ఆపి, గ్లాసు చుట్టూ ఆమె అరచేతులు చేర్చి, వెచ్చబడ్డాక పిల్ల పాదం చూపించారు. "చూడు, ఇక్కడికెల్లి ఇక్కడి దాక గీతలు. మడమ దాక వచ్చినయంటే నిండినట్టు." ఆ గట్టి మనిషి బొటనవేలితో ఆ చిన్న అరికాలిని వేళ్ల నుంచి మడమ దాకా రాసింది. పిల్ల కాలు ముడుచుకుంది. ఆమె నవ్వింది.

ఆ మధ్యాహ్నం నేను మేడమ్‌ను ఒక ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "అతను కాకపోయి ఉంటే ఏం చేసేవాళ్లు మేడమ్?"

"అప్పుడు గూడ పిల్లకు పాలు కావాలె గదా" అన్నారు. తర్వాత, "మన లెక్క రెండు వారాలు అటూ ఇటూ పోతదని పుస్తకంలనే ఉన్నది. ఆ రెండు వారాలు మనవి గావు అమ్మాయ్. తల్లివి. మందు కోసం సరిగ్గ రాస్కో. ఇంటోళ్లు లెక్కలడిగితే, ఆ రెండు వారాలు తల్లి ఎటు కావాలంటే అటు ఇచ్చెయ్."

అప్పటి నుంచి నేను ఎన్నో పాదాలు చూశాను. ఇప్పుడు మొదటి నెలల్లోనే స్కానింగులు అవుతున్నాయి, వారాలు ముందే తెలిసిపోతున్నాయి. అయినా పాదం తిప్పి చూడందే నా చెయ్యి ఊరుకోదు. ఎవరైనా అత్త గుమ్మంలో నిలబడి వేళ్లు మడవడం మొదలుపెడితే, నాకు మేడమ్ గొంతు వినిపిస్తుంది. జర ఆగమ్మా, ముందు పిల్ల పాలు తాగనియ్ అంటాను. నేను ఎవరి మీదా గొంతు పెంచకుండా ఈ పని చేయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

రిటైరయ్యాక కూడా ఆమె ఆ ప్రశ్న మానలేదు. పోయినేడు పుట్టినరోజుకు వెళ్లి ఎన్నేళ్లు మేడమ్ అంటే, "డెబ్బై ఎనిమిది నిండినయ్, డెబ్బై తొమ్మిది పడ్డది. సరిగ్గ రాస్కో" అన్నారు. గౌలిపుర నుంచి ఆ ఇంటి పాలే వచ్చేవి ఆమెకు. డబ్బాలు పోయి ప్యాకెట్లు వచ్చినా వాళ్లు మాత్రం క్యాన్‌లోనే తెచ్చి పోసేవారు. పోసి, తొందరగా వెళ్లిపోయేవాడు ఆ పిల్ల తండ్రి. "ఇక్కడ మాత్రం ఆలస్యం చెయ్యడు" అని నవ్వేవారు మేడమ్.

నేను వెళ్లేసరికి ఆమెను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు కలిపి కట్టారు. దుప్పటి చీలమండల దాకానే ఉంది, పాదాలు బయటికి ఉన్నాయి. వాటిని చూడలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొంతసేపటికి గుమ్మం ముందు ఒక స్కూటీ ఆగింది. నడిపింది ఒక అమ్మాయి. డిగ్రీ అయిపోయిన పిల్ల, సన్నగా, పొడుగ్గా తండ్రి పోలికే. వెనక నుంచి ఆ నాయనమ్మ మెల్లగా దిగింది. మనవరాలి భుజం పట్టుకుని వచ్చి, మేడమ్ కాళ్ల దగ్గర కూలబడింది. ఎవరో చాయ్ గ్లాసు తెచ్చి చేతికిచ్చారు.

"మేడమ్‌కు ఎన్నేండ్లు బిడ్డా?" అని అడిగింది మేడమ్ చెల్లెలి కూతురిని.

"ఎనభై."

"పడ్డదా, నిండిందా?"

ఆ అమ్మాయికి ఏడుపులో నవ్వొచ్చింది. "పడ్డది అవ్వా. మొన్ననే పడ్డది."

ముసలామె చాయ్ తాగలేదు. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, చేతులు వెచ్చబడే దాకా కూర్చుంది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, మేడమ్ పాదం పట్టుకుని, బొటనవేలితో వేళ్ల నుంచి మడమ దాకా మెల్లగా రాసింది. "ఏం పడ్డది బిడ్డా. నిండినయ్. చూడు, మడమ దాక ఉన్నయ్" అంది.

ఎండిన పాదం లెక్కకు రాదని మేడమ్ మాకు చెప్పారు. నేను వెళ్లి ఆ ముసలామె పక్కన కూర్చున్నాను. ఆమె వెచ్చటి చేతులు రెండూ ఆ చల్లటి పాదాల మీద అలాగే ఉన్నాయి, పక్కన చాయ్ చల్లారిపోతోంది.